వారానికో గంట బడికి



ఈ పూట ఒక చిన్న మాట మీతో పంచుకుందామని వచ్చాను. మీ ఊళ్ళో ఏదో ఒక సంఘం ఉంటుంది. డ్వాక్రా సంఘం కావచ్చు. యువజన సంఘం కావచ్చు. పెన్షనర్ల సంఘం కావచ్చు, భజన బృందం కావచ్చు. అదే ఊళ్ళో ఒక బడీ ఉంటుంది. చాలా ఊళ్ళల్లో రెండూ ఒకే వీధిలో ఉంటాయి. అయినా సంఘం వాళ్ళు బడి గడప తొక్కేది ఏడాదికి రెండే సార్లు. ఆగస్టు 15కి ఒకసారి, జనవరి 26కి ఒకసారి. జెండా ఎగరేస్తాం. పిల్లలకు చాక్లెట్లు పంచుతాం. ఇంటికొచ్చేస్తాం.

మిగతా రోజుల్లో ఆ బడికి మనం ఏం చెయ్యగలం? వారానికి ఒక గంట ఇవ్వగలం. నేను చెప్పాలనుకున్నది ఇదే. అడిగి వెళ్దాం. చెప్పిన రోజున వెళ్దాం. వారానికి ఒక గంట ఇద్దాం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. ఇప్పుడు మా వీధి మహిళా సంఘంతో కలిసి మళ్ళీ బడికి వెళ్తున్నాను. బల్లకు ఆ వైపు కూర్చున్నదాన్ని, ఈ వైపూ కూర్చున్నదాన్ని. అందుకే ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను.

ముందు బడి లోపల సంగతి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆ చట్టం లెక్క ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు ఉండాలి. ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. తరగతులు ఐదు. టీచర్లు ఇద్దరు. ఒకరు ఒకటి, రెండు తరగతుల్ని చూసుకుంటారు. ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు. మూడో తరగతికి తెలుగు చెప్తున్నప్పుడు నాలుగో తరగతి ఎక్కాలు రాసుకుంటుంది. ఐదో తరగతి చూచిరాత రాసుకుంటుంది. ఒక టీచరు సెలవు పెడితే ఆ రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీదే పడతాయి.

ఇంకో లెక్క చెప్తాను. పాతికమంది పిల్లలున్నారనుకోండి. ఒక్కొక్కరి చేత అయిదు నిమిషాలు పైకి చదివించాలి. ఎంతసేపు పడుతుంది? 125 నిమిషాలు. పీరియడేమో 40 నిమిషాలు. మరి ఆ బిడ్డ చదువుతుంటే ఎవరు వింటారు? టీచరుకు మనసుంది, ఓపికుంది. సమయం లేదు. బాగా చదివే నలుగురు చెయ్యెత్తుతారు. చదవలేని బిడ్డ వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చుంటాడు. పెదవులు మాత్రం కదుపుతాడు. అలా పెదవులు కదుపుతూ ఐదో తరగతి దాకా వెళ్ళిన పిల్లల్ని నేను చూశాను. నా తరగతిలోనే చూశాను. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే అంటున్నాను. బడికి కావలసింది వినే మనిషి. బిడ్డ పక్కన కూర్చుని, వాడు చదివేది వినే మనిషి.

వినడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. మూడో తరగతి పిల్లాడు. వాచకం తెరిచాడు. పేజీలో 'పిల్లలు చెట్టు ఎక్కారు' అని ఉంది. వాడు 'పిలలు' అన్నాడు. ఆగాడు. 'చెటు' అన్నాడు. మళ్ళీ ఆగి నా మొహం వంక చూశాడు. అక్షరాలు వచ్చు వాడికి. గుణింతాలూ వచ్చు. ఒత్తు దగ్గర తడబడుతున్నాడు. కింద ఉన్న ఆ చిన్న గుర్తును చూస్తున్నాడు గానీ, దాన్ని పైఅక్షరంతో కలిపి పలకాలని వాడికి ఇంకా పట్టుబడలేదు. అప్పుడు మనం ఏం చెయ్యాలి? 'తప్పు' అనకూడదు. నోట్లోంచి మాట లాక్కుని మనమే చెప్పెయ్యకూడదు. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టుకోవాలి. వాడికి ఆ కాస్త వ్యవధి ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే ఒత్తు మీద వేలు పెట్టి, 'అమ్మ అను నాన్నా' అనాలి. వాడు 'అమ్మ' అంటాడు. ఆ మాట పలక మీద రాసి, 'మ కింద ఏముంది?' అనాలి. వాడు చూస్తాడు. తర్వాత 'చెట్టు' దగ్గరికి వాడే వస్తాడు. రోజూ నోటినిండా పలికే మాటలోనే ఒత్తు ఉందని తెలిసినప్పుడు ఆ మొహం చూడాలండీ. దీనికి బి.ఇడి. చదవాల్సిన పని లేదు. తెలుగు చదవడం వచ్చి, తొందరపడని మనిషి చాలు.

ఇప్పుడు చెప్పిన రోజున వెళ్ళడం గురించి.

వరినాట్లప్పుడు ఒకరి చేలోకి ఒకరు సాయం వెళ్ళడం మనకు తెలుసు. కొన్ని ఊళ్ళల్లో బదులు అంటారు, కొన్ని చోట్ల మార్పిడి కూలి అంటారు. ఇవాళ మీ చేలో మేం నాటుతాం, ఎల్లుండి మా చేలో మీరు నాటాలి. ఆ ఒప్పందానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు. కానీ ఒక నియమం గట్టిగా ఉంటుంది. చెప్పిన రోజున రావాలి. బుధవారం వస్తామని చెప్పి శనివారం వస్తే ఏమవుతుంది? నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు ఎంత బాగా నాటినా పిలకలు సరిగా వెయ్యదు.

బడిలో పిల్లల సంగతీ అంతే. బుధవారం మూడింటికి అమ్మమ్మ వస్తుంది, నా చేత చదివిస్తుంది అని ఆ బిడ్డ చూస్తుంటాడు. రెండు వారాలు వెళ్ళి, మూడో వారం మానేస్తే ఆ బిడ్డ మనల్ని ఏమీ అనడు. పుస్తకం సంచిలో పెట్టేసుకుంటాడు, అంతే. అసలు వెళ్ళకపోవడం కంటే అది ఎక్కువ నష్టం. కాబట్టి నెలంతా రోజూ వెళ్తామని ఉత్సాహంగా చెప్పకండి. వారానికి ఒక గంట చెప్పండి. ఆ గంట తప్పకండి.

మన డ్వాక్రా అక్కచెల్లెళ్ళకు ఇది నేను నేర్పాల్సిన పని లేదు. పొదుపు ఎలా నడుస్తోంది? అందరూ ఒకే మొత్తం కడతారు. ఒకే తేదీకి కడతారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పక్కింటి వాళ్ళ చేత పంపిస్తారు. పుస్తకంలో రాసుకుంటారు. ఆ క్రమశిక్షణే ఇక్కడా కావాలి. మా సంఘంలో మేం అలాగే పెట్టుకున్నాం. బుధవారం గంటకు ఇద్దరు మనుషులు. వాళ్ళలో ఒకరు రాలేకపోతే వెళ్ళడానికి మూడో మనిషి. ఎవరు వెళ్ళారో, ఏ పిల్లల చేత ఏ పాఠం చదివించారో ఒక నోటుపుస్తకంలో రాస్తాం. తర్వాతి వారం వెళ్ళేవాళ్ళు ఆ పేజీ చూసుకుని వెళ్తారు.

అడిగి వెళ్దాం అన్నాను కదా. అడక్కుండా వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక బడికి ఒకసారి ఒక సంస్థ వాళ్ళు వచ్చారు. పేరు వద్దు. వాళ్ళు మంచి మనసుతోనే వచ్చారు. పిల్లలందరికీ స్కూలు సంచులు తెచ్చారు. అంతకు ముందే ప్రభుత్వం వాళ్ళు ఇచ్చిన సంచులు పిల్లల భుజాలకు ఉన్నాయి. బ్యానరు కట్టారు. పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్క బిడ్డ చేతికి సంచి ఇస్తూ ఒక్కొక్క ఫొటో. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది. మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది. ఆ రోజు పాఠం లేదు. మా ఆయా ఒక మాట అంది. 'అమ్మా, వీళ్ళు ముందే అడిగుంటే బడికి బకెట్లు, చీపుళ్ళు కావాలని చెప్పేవాళ్ళం కదా' అంది. ఆ సంస్థ వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అడగలేదు, అంతే.

అడగడం ఎలా? బడి వదిలాక, నాలుగు దాటాక వెళ్ళండి. పాఠాల మధ్యలో వెళ్ళకండి. హెచ్.ఎం. గారితో కూర్చుని, 'మా సంఘం నుంచి ఇద్దరం వారానికో గంట రాగలం, మీకు ఎప్పుడు వీలు, మేం ఏం చేస్తే మీకు ఉపయోగం?' అని అడగండి. ముందు ఆయన ఫ్యాను అడుగుతారు. కుళాయి రిపేరు అడుగుతారు. అవీ కావలసినవే. చెయ్యగలిగితే చెయ్యండి. కానీ మళ్ళీ అడగండి. 'మనుషులుగా మేం వస్తే ఏ తరగతికి రమ్మంటారు?' అని. ఈ రెండో ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగరు. నా సర్వీసంతా కలిపి నన్ను ఇద్దరే అడిగారు.

అడగాల్సిన వాళ్ళు ఇంకొకరు ఉన్నారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బళ్ళకు యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పాతిక మంది పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో అయ్యుండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచెయ్యడం ఆ కమిటీ పని. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. అక్కడ మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న అన్ని ప్రభుత్వ బళ్ళలో ఒకే రోజు తల్లిదండ్రుల, టీచర్ల సమావేశం పెట్టారు. అంటే తలుపు తెరిచే ఉంది. మీ సంఘం వస్తున్న సంగతి కమిటీ సమావేశంలో చెప్పించండి. మినిట్స్ పుస్తకంలో రాయించండి. రేపు హెచ్.ఎం. బదిలీ అయినా, కొత్తగా వచ్చినవాళ్ళకు మీరెవరో ఆ పుస్తకం చెప్తుంది. కేంద్ర విద్యాశాఖకు విద్యాంజలి అనే పథకం కూడా ఉంది. 2021 సెప్టెంబర్‌లో దానికి కొత్త పోర్టల్ పెట్టారు. బడికి సేవ చెయ్యాలనుకునేవాళ్ళు అందులో పేరు నమోదు చేసుకోవచ్చు. మీ సంఘంలో కుర్రవాళ్ళుంటే ఆ పని వాళ్ళకు అప్పజెప్పండి.

'మాకేం వచ్చు టీచర్‌గారూ, మేం ఏడో తరగతితో ఆపేశాం' అంటారు చాలామంది. మా సంఘంలో కుట్టుమిషను నడిపే ఒకావిడ కూడా అదే అంది. వచ్చి ఊరికే కూర్చోమన్నాను. ఆ రోజు ఐదో తరగతికి పొడవులు, కొలతలు పాఠం నడుస్తోంది. మిల్లీమీటరు, సెంటీమీటరు, మీటరు. పిల్లలకు ఏమీ ఎక్కడం లేదు. ఈవిడ మెళ్ళో వేసుకున్న టేపు తీసి ఇచ్చింది. టేపుకు ఒక పక్క అంగుళాలు, ఒక పక్క సెంటీమీటర్లు ఉంటాయి కదా. పిల్లలు బల్ల కొలిచారు. తలుపు కొలిచారు. ఒకరి భుజాలు ఒకరు కొలుచుకున్నారు. ఒకమ్మాయి అడిగింది, 'పిన్నీ, నా గౌనుకు మీటరు గుడ్డ సరిపోద్దా?' అని. 'మీటరంటే టేపు మీద ఎంత దాకా?' అని ఈవిడ తిరిగి అడిగింది. ఆ అమ్మాయి టేపు లాగి వంద అంకె మీద వేలు పెట్టింది. వంద సెంటీమీటర్లు ఒక మీటరు. నల్లబల్ల మీద నాలుగు రోజులు రాసినా ఎక్కనిది టేపు చేతికి రాగానే ఎక్కింది. ఇప్పుడు ఆ పిల్లలు ఆవిణ్ణి కుట్టుపిన్ని అంటారు. పొడుగైన అబ్బాయి ఒకడు తన ఎత్తు 142 అని చెప్పుకుంటూ తిరుగుతుంటాడు.

మీ ఊళ్ళో కూరగాయలమ్మే ఆవిడకు నోటిలెక్క వచ్చు. వడ్రంగికి కోణాలు తెలుసు. పోస్టాఫీసులో చేసి రిటైరైన వాళ్ళకు ఉత్తరం రాయించడం వచ్చు. గంటసేపు ఇవి పిల్లల దగ్గర పెట్టమనే నేను అడుగుతున్నాను.

మా ప్రాంతం వాళ్ళకు ఇంకో సంగతి గుర్తుచేస్తాను. తెనాలి దగ్గర కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద 1935లో పడవలో గ్రంథాలయం నడిపారు. పాతూరి నాగభూషణం గారు నడిపించారు. పుస్తకాలే పడవెక్కి జనం దగ్గరికి వెళ్ళాయి. ఇవాళ ఎన్నో బళ్ళల్లో పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది. టీచరు తప్పు కాదది. పుస్తకం పోతే లెక్క చెప్పుకోవాల్సింది ఆవిడే. మీ సంఘం నుంచి ఒక మనిషి శనివారం వెళ్ళి ఆ బీరువా తియ్యండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రాసుకోండి. పై శనివారం తిరిగి తీసుకోండి. ఒక గంట పని. ఆ గంటలో బీరువా గ్రంథాలయం అవుతుంది.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో జరిగిన అక్షరాస్యత ఉద్యమం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పగలంతా పనిచేసి వచ్చిన ఆడవాళ్ళకు రాత్రిపూట అక్షరాలు చెప్పింది ఎవరు? ఊళ్ళో వలంటీర్లు. ఆ అక్షరాస్యత వాచకంలో చదివిన పాఠం మీద మాట్లాడుకున్నాకే, ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. 1993లో అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. జీతంలేని మనుషులు రాత్రి తర్వాత రాత్రి వచ్చి కూర్చున్నందువల్ల జరిగిన పని అది.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఇవి మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకంటే పిల్లలతో వ్యవహారం.

ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకండి. వరండాలో కూర్చోండి, చెట్టుకింద కూర్చోండి, టీచరుకు కనిపించేచోట కూర్చోండి. ఎంత పెద్దవాళ్ళైనా, ఎంత మంచివాళ్ళైనా ఈ నియమం అందరికీ ఒకటే. అది బిడ్డకూ రక్ష, మనకూ రక్ష. చెయ్యి చేసుకోవద్దు, తిట్టొద్దు. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం నిషేధించింది. పిల్లల ఫొటోలు తీసి ఫోనులో స్టేటస్ పెట్టొద్దు. కులం అడగొద్దు. నాన్న ఏం చేస్తాడని నలుగురిలో అడగొద్దు, నాన్నలేని బిడ్డ ఉండొచ్చు. పార్టీ మాటలు, మతం మాటలు గేటు బయటే వదిలెయ్యండి. ఏ బిడ్డయినా ఇంట్లో గానీ, బయట గానీ తనను ఎవరో బాధపెడుతున్నారని మీతో చెప్తే, కొట్టిపారెయ్యకండి. వెంటనే హెచ్.ఎం. గారికి చెప్పండి. పిల్లల సాయానికి 1098 నంబరుంది. ఆ నంబరు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ చెప్తున్నాను, ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.

ఇంకొక్క మాట. మనం టీచర్లం కాదు. టీచరు చెప్పిన పాఠాన్ని బిడ్డ చేత చదివించేవాళ్ళం. వలంటీర్లు వస్తున్నారు కదా అని టీచరు పోస్టు ఖాళీగా ఉంచితే ఒప్పుకోకూడదు. అలా జరిగితే మీ సంఘమే కమిటీతో కలిసి మండల విద్యాశాఖాధికారికి అర్జీ ఇవ్వాలి. సంఘానికి ఉన్న బలం అందుకూ వాడాలి. మా సంఘం ఒకసారి ఇచ్చింది. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. తిరిగాం.

మీరు వెళ్ళిన మొదటి రెండు వారాలు పిల్లలు సిగ్గుపడతారు. టీచర్లకు కూడా కొంచెం బెరుకుగానే ఉంటుంది. వీళ్ళు మా మీద పెత్తనం చెయ్యడానికి వచ్చారేమో అనుకుంటారు. నేను టీచరుగా ఉన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది. మీరు టీచరు తప్పులు వీధిలో చెప్పకుండా, చెప్పిన రోజున చెప్పిన వేళకు వెళ్తుంటే ఆ బెరుకు పోతుంది. మూడో నెలకు టీచరే ఎదురొచ్చి, 'ఈ ముగ్గుర్నీ మీరు చూడండి అమ్మా' అంటారు.

కాబట్టి శ్రోతలారా, వచ్చే సమావేశంలో పొదుపు లెక్కలయ్యాక అయిదు నిమిషాలు ఈ విషయం మాట్లాడండి. ఇద్దరు మనుషుల పేర్లు, ఒక రోజు, ఒక వేళ రాసుకోండి. తర్వాత బడికి వెళ్ళి అడగండి. అడిగి వెళ్ళండి, చెప్పిన రోజున వెళ్ళండి, వారానికి ఒక గంట ఇవ్వండి. కళ్ళజోడు మర్చిపోకండి. పిల్లల వాచకంలో ఒత్తులు చాలా చిన్నవిగా అచ్చేస్తారు.